మళ్ళీ మొదట్నుంచి

మొన్న శనివారం ఆవిడ సంతాపసభ అయింది. సభ అవుతూనే మా సంఘం వాళ్ళు నన్ను పట్టుకుని, "పంతులమ్మగారూ, ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టండి" అన్నారు. మూడు రోజులు వెతికాను. పెట్టెలో వెతికాను, బీరువాలో వెతికాను, మనసు అడుగున పరిచిన చాప ఎత్తి దాని కింద కూడా వెతికాను. రెండున్నర దొరికాయి. ఆ అర మాట ఆవిడ గొడుగుది. గొడుగు నిజంగా మంచిది. రంగూన్ వానల్లో పది వర్షాకాలాలు ఒక్క ఊచ వంగకుండా నిలబడింది. ఆవిడ చేతిలో ఉండి వంగడానికి దానికి భయం వేసి ఉంటుంది.

పోయిన మనిషిని ఏమీ అనకూడదంటారు. బతికుండగా అనడానికి నాకు ధైర్యం చాలలేదు. పోయాక అనకూడదు. మరి ఎప్పుడు అనమంటారు?

పేరు రాయను. రాస్తే ఏ లోకంలో ఉన్నా దిగివచ్చి, ఆ ఒత్తు కింద కాదు, కాస్త పక్కకి ఉండాలంటుంది. ఆవిడ మా సోదరీ సంఘానికి కార్యదర్శిని, తామ్వేలో మేడ ఉన్న ప్లీడరుగారి భార్య. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేటట్టుండేది. కానీ ఆవిడ ఎదురుగా వస్తుంటే గాలే పక్కకి తప్పుకునేది. చేతిలో ఎప్పుడూ ఒక ఇత్తడి గంట ఉండేది. పరిమాణంలో నిమ్మకాయంత. అది మోగిస్తే బోటాటౌంగ్ రేవులో స్టీమర్లు లంగరు ఎత్తేవి. అక్కడ ఇన్సేన్ జైల్లో ఖైదీలు లేచి వరసగా నిలబడేవారు. మా బడి మెట్ల కింద చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా అమ్ముకునే బర్మా ముసలమ్మ డా మ్యా, ఆ గంట వినగానే తుఫాను వస్తోందనుకుని గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టేసేది.

ఇక కళ్ళజోడు. ఆవిడ కళ్ళజోడు తీసి చెంగుతో కుడి అద్దం తుడిచిందంటే ఎవరికో చీవాట్లు సిద్ధమవుతున్నాయని అర్థం. ఎడమ అద్దం కూడా తుడిస్తే, ఆ ఎవరికో ఆ నెలంతా అన్నం సయించదు. రెండూ తుడిచి, మళ్ళీ కుడి అద్దానికి రావడం నేను నా జన్మలో ఒక్కసారే చూశాను. ఆ సంగతే చెప్పబోతున్నాను.

జర్మనీ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్ళకి జరిగింది. మా బడి రేవు వీధిలో ఒక కొయ్య మేడ పై అంతస్తు. నేను అందులో ఆడపిల్లలకి తెలుగు చెప్పేదాన్ని. పెద్ద తరగతి పిల్లలూ, పంతులమ్మలమూ కలిసి సోదరీ సంఘమని పెట్టుకున్నాం. కొత్తగా చేరేవాళ్ళని దీపం ఎదుట కూర్చోబెట్టి, ఏడు వాక్యాల ప్రమాణం చేయించి, ఏడుగురు సోదరీమణుల సాక్షిగా కుడిచేతికి పసుపు దారం కట్టేవాళ్ళం. చదువు ముగించి వెళ్ళిపోయినవాళ్ళు అక్కలు. అక్కలకి ఎర్ర అంచు చాప వేరే ఉండేది. అంతకంటే పెద్ద హక్కు ఇంకొకటి: అక్క కూతురికి బడిలో అడక్కుండానే చోటు. మా గదులు రెండే. పిల్లలు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని రాసుకునేవారు. చోటు కోసం పేరిచ్చి ఏళ్ళ తరబడి ఎదురు చూసేవాళ్ళ వరస ష్వేడగాన్ పగోడా దాకా వెళ్ళి, దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి వచ్చేది.

అయితే ఆ ఎర్ర అంచు చాప మీద కూర్చోవడానికి అక్కలే లేరు. పిల్లకి పద్నాలుగో ఏడు వచ్చేసరికి పెళ్ళి. పెళ్ళవగానే ఒకతె మౌల్మేన్, ఒకతె అక్యాబ్, ఇంకొకతె ఓడెక్కి కాకినాడ. మొదటి ఏడు ఉత్తరాలు వచ్చేవి, రెండో ఏడు అవీ ఉండేవి కావు. చాప మీద చీమలు మాత్రం క్రమం తప్పకుండా హాజరయ్యేవి.

అప్పుడు ఆవిడకి ఆలోచన తట్టింది. మన బళ్ళో చదవకపోయినా సరే, పెద్ద స్త్రీలని నేరుగా అక్కలుగా చేర్చుకోవచ్చునని నిబంధన రాసింది. రాసి ఊరుకుంటే నా కథ ఇంతటితో అయిపోయేది. వాళ్ళని ఎలా చేర్చుకోవాలో మాకు పాఠాలు చెప్పడానికి పూనుకుంది. ఏడు శనివారాలు, మధ్యాహ్నం రెండు గంటలకి, రేకు కప్పు కింద.

మొదటి పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఆమె మన బళ్ళో చదివి, వెళ్ళిపోయి, ఇవాళ తిరిగొచ్చింది. అలా అనుకుని చేర్చుకోవాలి" అంది.

పెద్ద తరగతి కనకం లేచింది. ఆ పిల్ల నోటికి తలుపు లేదు. "చదవలేదు కదండీ మరి?"

"చదవలేదు. అయినా చదివి వెళ్ళినదే. అది పద్ధతి."

"ఎక్కాలు కూడా రాకపోతేనోనండీ?"

"నీకు వచ్చునా? పదమూడో ఎక్కం చెప్పు."

కనకం కూర్చుంది.

"ఆవిడని కొత్త మనిషిగా చూడకూడదు. ఎంత చదివారు, ఏ వీధి, ఏ ఇంటివారు అని అడగకూడదు. దారం ముడి పడ్డ క్షణం నించీ ఆవిడ మీకంటే ముందు వచ్చిన అక్క. ఇవాళ వచ్చినా పాతదే. తెలిసిందా?"

నాకు దొరికిన రెండు మంచి మాటల్లో ఇది మొదటిది. మాట ఎంత బాగుందంటే ఆవిడదేనని నమ్మబుద్ధి కాలేదు. నమ్మనక్కర్లేదని తరవాత తెలిసింది. ఇంత తతంగమూ ఒక్క మనిషి కోసం: బియ్యం మిల్లు యజమానిగారి భార్య, మా నోట మిల్లమ్మ. ఆ మహాతల్లిని చాప మీద కూర్చోబెడితే సంఘానికి పరువని ఆవిడ లెక్క. తక్కిన స్త్రీజాతి అంతా నిబంధన నిండుగా కనిపించడానికి వేసిన పోపు.

అభ్యాసానికి చేరబోయే మనిషి ఒకతె కావాలి కదా. మేమందరం ఇదివరకే చేరినవాళ్ళం. ఒకసారి కట్టినవాళ్ళకి మళ్ళీ కట్టడం పద్ధతి కాదట. మొదటి శనివారం ఒక బాలీసుకి చీర కట్టి పీట మీద కూర్చోబెట్టాం. మిల్లమ్మ పోలిక బానే వచ్చింది గానీ, మూడో వాక్యం దగ్గర బాలీసు పక్కకి వాలింది. ప్రమాణం తిరిగి చెప్పమంటే చెప్పలేదు. ఆవిడ దాన్ని కూడా కుడి అద్దం తుడిచి చూసింది. అప్పుడు వరండా ఊడుస్తున్న పైడమ్మ కంటబడింది.

"ఏయ్, కోరంగీ! చీపురు అక్కడ పెట్టి ఇలా రా."

పైడమ్మ మా బడి ఊడ్చి, నీళ్ళు మోసే మనిషి. మొగుడు రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. వాళ్ళది శ్రీకాకుళం అవతల ఏదో పల్లె. కోరంగి రేవు మొహం ఎరగదు. రంగూన్లో తెలుగు కూలీలందర్నీ ఊళ్ళోవాళ్ళు వెటకారంగా పిలిచే పేరు అది. నిజానికి కోరంగి రేవుకి కూతవేటు దూరంలో పుట్టింది మా కార్యదర్శినే. ఆవిడని ఆ మాట అనడానికి ఈ బర్మా దేశంలో మనిషి పుట్టలేదు.

పైడమ్మకి సీతాలని తొమ్మిదేళ్ళ కూతురు. తల్లి ఊడుస్తున్నంతసేపూ ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని, లోపల చెప్పే పాఠం వింటూ వేలితో బూడిదలో అక్షరాలు దిద్దుకునేది. పైడమ్మ చోటు కోసం మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ మా కార్యదర్శినే "చోటు లేదు" అంది. మూడోసారి ఎడమ అద్దం కూడా తుడిచింది.

"నానేటి సెయ్యాలమ్మగోరూ?" అంది పైడమ్మ, చేతులు చీరకి తుడుచుకుంటూ.

"కూర్చో. నువ్వు పెద్దింటి ఆవిడవనుకో. వీళ్ళు చెప్పింది తిరిగి చెప్పు."

"అనుకుంతాను గానమ్మా, నా పేరు సెప్పాలా, ఆరి పేరు సెప్పాలా?"

కనకం "ఫలానా అని చెప్తే సరి" అంది. ఆవిడ గంట ఖణేల్మంది.

"ఫలానాకి ముడి వేస్తారా? ఉన్న మనిషి పేరు చెప్పాలి. అసలు రోజున ఎలా చేస్తారో ఇవాళా అలాగే చెయ్యాలి. వెలిగించని దీపంతో అభ్యాసం చేస్తే, ఆ రోజున అగ్గిపుల్ల గీయడం రాక ఏడుస్తారు. దీపం ఎదుట ఉత్తుత్తి మాట లేదు!"

అలా పైడమ్మ, పైడమ్మగానే కూర్చుంది. ఏడు శనివారాలు ప్రమాణం చెప్పింది. ఎన్నిసార్లని? ఎవరైనా ఒక ఊపిరి ముందు తీసుకుంటే, గాజు గలగలమంటే, పుల్ల రెండోసారి గీయాల్సివస్తే, ఆవిడ గంట కొట్టి, "మళ్ళీ మొదట్నుంచి" అనేది. వెంటనే పైడమ్మ చేతి దారం కత్తెరతో కత్తిరించి, దీపం కొండెక్కించి, అందరం గుమ్మం బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి. ఒక్క శనివారం నాడు నలభై ఒక్కసార్లు వెళ్ళి వచ్చాం. ఆ కత్తిరించిన దారాలన్నీ కలిపి ముడేస్తే విశాఖపట్నం దాకా సముద్రం మీద బట్టలు ఆరేసుకోవచ్చు. ఆ రెండు మాటలు నాకు నిద్రలో కూడా వినబడేవి. ఇడ్లీపిండి రుబ్బుతుంటే రోలు కూడా అదే అనేది.

మేము విసిగి సగమైపోయాం గానీ పైడమ్మ విసగలేదు. నాలుగో శనివారానికి ఏడు వాక్యాలూ దానికి మాకంటే బాగా వచ్చాయి. ఆరో వాక్యం దగ్గర కొంచెం ఆగేది. ఆ వాక్యం ఇది: "ఈ దీపం ఎదుట నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోను, మీరు నాకు చెప్పిన మాట వెనక్కి తీసుకోకండి."

ఒకరోజు నీళ్ళకుండ దించుతూ నన్ను అడిగింది. "పంతులమ్మగోరూ, ఇది ఉత్తుత్తిదంతారు గానీ, అందలో ఉత్తుత్తి ఏటున్నాది? దీపం నిజిందే, దారం నిజిందే, నాను నిజిందాన్నే."

ఆ సాయంత్రం నించీ దానికి పలక మీద మూడక్షరాలు నేర్పించడం మొదలుపెట్టాను. పై, డ, మ్మ.

ఏడో శనివారం నిండు అభ్యాసం. సంఘం పుస్తకం కూడా తెచ్చారు. అందులో సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడ చూడాలట. "పెన్సిలుతో పెట్టించండి, తరవాత చెరిపేద్దాం" అంది నాతో.

పెన్సిలు నా కొప్పులో ఉంది, ఎర్ర పెన్సిలు. నా చెయ్యి సిరాబుడ్డి వైపు వెళ్ళింది. ఇందులో నాకే దురుద్దేశమూ లేదని రాస్తే ఇప్పుడు రాస్తున్న కలం కూడా నవ్వుతుంది. పైడమ్మ కలం పట్టుకుని, నాలిక కాస్త బయట పెట్టి, ఆ మూడక్షరాలూ రాసింది. ఆ సమయంలో ఒక స్టీమరు సముద్రంలోంచి వచ్చి, రేవులో ఆగి, సరుకు దింపుకుని వెళ్ళిపోయింది. సాక్షులుగా మేం ఏడుగురం కూడా సిరాతోనే పెట్టాం. ఆవిడ గడియారం చూస్తోంది గానీ కాగితం చూడలేదు.

ఆ రోజు ఒక్క పొరపాటు జరగలేదు. ఒక్క గాజు మోగలేదు. ఆవిడ గంట ఎత్తింది, ఎత్తి, దించేసింది. "ఊఁ" అంది. ఆ "ఊఁ" కోసం మేం ఏడు వారాలు చచ్చాం. వాన మొదలయింది, ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. 'మళ్ళీ మొదట్నుంచి' అనలేదు కనక పైడమ్మ చేతి దారం ఎవరూ కత్తిరించలేదు.

తరవాతి శనివారం అసలు రోజు. మిల్లమ్మ వచ్చింది. మెడలో ఉన్న బంగారంతో పడవ మునుగుతుంది గానీ, మనిషి మంచిది. నోటి నిండా తాంబూలం, నోరు తెరిస్తే శ్రీకాకుళం. దీపం వెలిగించాం, ప్రమాణం చేయించాం, దారం కట్టాం. ఆవిడని ఎర్ర అంచు చాప దగ్గరికి తీసుకెళ్ళేసరికి దాని మీద పైడమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర, తలకి నూనె, చేతికి వారం నాటి దారం, పక్కన సీతాలు.

కింద డా మ్యా గంట మోగకుండానే మూతలు పెట్టేసిందని తరవాత విన్నాను.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంది మా కార్యదర్శిని.

"అక్కల సాప కదమ్మగోరూ, కూకున్నాను. నా గుంటకి సోటు రాయించుకోడానికొచ్చినాను. అక్క కూతురికి అడగక్కర్నేదని తమరే సెప్పినారు."

"అది అభ్యాసం! నిన్ను కూర్చోబెట్టింది అభ్యాసానికి!"

"దీపం ముందల ఉత్తుత్తి మాట నేదన్నారు కదమ్మా" అంది పైడమ్మ. మనిషి కదల్లేదు. సీతాలు చెయ్యి మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను. ఈ దారం మీరే కోసీయండి. నాను కోసుకోను."

ఆవిడ పుస్తకం తెప్పించింది, తెరిచింది. చెరపడానికి రబ్బరు పట్టుకుంది. సిరా చూసింది. తరవాత నన్ను చూసింది. నేను కప్పు రేకులకి ఎన్ని మేకులున్నాయో లెక్కపెడుతున్నాను.

కుడి అద్దం తుడిచింది. ఎడమ అద్దం తుడిచింది.

మిల్లమ్మ తాంబూలం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చింది. "నాకో ముక్క సెప్పండమ్మా. ఆ యమ్మికి కట్టింది సెల్లకపోతే నాకు కట్టింది సెల్లుతాదేటి? అయ్యే మాటలు, అయ్యే సేతులు. నా మీద మట్టుకు దీపం ఎక్కువ ఎలిగిందేటి?"

ఆవిడ కళ్ళు కనకం మీద పడ్డాయి. ఇక్కడ దారి కనబడింది ఆవిడకి. గొంతు తగ్గించి, నా జన్మలో ఎన్నడూ వినని మెత్తదనంతో అడిగింది. "కనకం, నిజం చెప్పు. ఆ రోజున ఏదో ఒక పొరపాటు జరిగే ఉంటుంది. ఊపిరి దగ్గర గానీ, పుల్ల దగ్గర గానీ. జరిగింది కదూ?"

ఒక్క "అవునండీ" చాలు. పైడమ్మ లేచి చీపురు దగ్గరికి, సీతాలు మెట్ల మీదకి వెళ్ళిపోవాలి. కనకం తండ్రి ఆ ప్లీడరుగారి దగ్గరే గుమాస్తా. ఆ పిల్ల నేల చూసింది, నన్ను చూసింది, సీతాలుని చూసింది.

"పొరపాటు జరిగితే మీరు మళ్ళీ మొదట్నుంచి అనేవారు కదండీ" అంది.

అప్పుడు చూశాను. ఆవిడ మళ్ళీ కుడి అద్దానికి వచ్చింది. ఎంతసేపు తుడిచిందంటే అద్దం సగం మందం అయ్యుంటుంది. నీళ్ళు మోసే మనిషిని అక్క అనడం ఒక పక్క. తాను నడిపిన అభ్యాసంలో తప్పుందని పదిమందిలో ఒప్పుకోవడం ఇంకో పక్క. రెండిట్లో ఏది ఎక్కువ చేదో నాలిక మీద వేసుకుని చూసుకుంటోంది. ఆ మొహం చూస్తే జాలి కలగాలి. నాకు కలగలేదు.

కళ్ళజోడు పెట్టుకుంది.

"నా చేతి మీద జరిగినదాంట్లో తప్పుండదు" అంది. రెండో మంచి మాట ఇదే. మంచితనం వల్ల అన్నది కాదు. అయినా మంచి మాటే. కలం తీసుకుని పైడమ్మ పేరు పక్కన 'మొదటి అక్క' అని రాసింది. మిల్లమ్మది ఆ కింద రాసింది. సీతాలు పేరు తరగతి పట్టీలోకి ఎక్కించింది. అన్నీ రాసి, తలెత్తకుండానే, "పైడమ్మా, అక్కల చాప మీద కూర్చునే పద్ధతి అది కాదు. మోకాలు లోపలికి" అంది.

ఇక్కడితో ఆవిడ మారిపోయిందని రాస్తే చదివేవాళ్ళకి సుఖంగా ఉంటుంది. మారలేదు. పైడమ్మ అక్క అయ్యాక దాన్ని మాతో సమానంగా వేధించింది. చెంగు జారితే చీవాట్లు, తుమ్మితే చీవాట్లు. నన్నయితే అసలు క్షమించలేదు. ఆ రోజు మొదలు ఎక్కడ కనిపించినా, ట్రాములో అయినా, పెళ్ళిపందిట్లో అయినా, ఆవిడ నన్ను పలకరించే మాట ఒక్కటే.

"పంతులమ్మా, పెన్సిలు దొరికిందా?"

పోయిన నెల మంచాన పడిందని తెలిసి తామ్వే వెళ్ళాను. గొంతు లేదు. మనిషి ఉందో, దుప్పటి ఒక్కటే ఉందో తెలియడం లేదు. కళ్ళజోడు మాత్రం మెరుస్తోంది. పెదవులు కదిలాయి. వంగి విన్నాను. "పెన్సిలు?" అంటోంది. నేను సిద్ధపడే వెళ్ళాను. కొప్పులోంచి ఒక పెన్సిలు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇది కాదు. అది ఎర్రది" అంది.

అదే ఆఖరి చూపు.

మా సంఘంలో ఎవరు పోయినా, సంతాపసభలో దీపం వెలిగించి, ఆ ఏడు వాక్యాలూ ఇంకోసారి చెప్పి, పోయినవారి దారం విప్పడం ఆచారం. ఊళ్ళో ఉన్నవాళ్ళలో పుస్తకంలో మొదటి పేరున్న అక్కే అది నడిపించాలి. ఆ నిబంధన రాసిందీ ఆవిడే. మొన్న శనివారం పైడమ్మ లేచి వచ్చి దీపం ఎదుట కూర్చుంది. తల కొంచెం నెరిసింది, ఇప్పుడు మా బడి నీళ్ళు మరొకరు మోస్తున్నారు. సీతాలు ఎనిమిదో తరగతి. ఆ పిల్లే పుల్ల గీసింది. కనకం మౌల్మేన్ నించి చంకలో బిడ్డతో వచ్చింది. మిల్లమ్మ తాంబూలం లేకుండా వచ్చింది. అంతకు మించిన సంతాపం ఆవిడకి చేతకాదు. దీపం పక్కన పీట మీద ఆవిడ దారమూ, గంటా పెట్టారు.

వాక్యాలు చెప్పించడం నా వంతు. అయిదు సాఫీగా సాగాయి. ఆరోది, "ఈ దీపం ఎదుట నేను చెప్పిన మాట" అని మొదలుపెట్టాను. నాకెందుకో ఊపిరి తప్పింది. ఆవిడంటే ఇష్టం వల్ల కాదు, రాసి సంతకం పెట్టమన్నా పెడతాను. తరవాతి ముక్క ముందొచ్చింది, ముందుది మరి రాలేదు. ఎవరూ గమనించలేదనుకుని దాటేయబోయాను.

గంట ఖణేల్మంది.

పైడమ్మ ఒక చేత్తో గంట పట్టుకుని, మోకాలు లోపలికి పెట్టుకుని, తలెత్తకుండానే, దీపం కొండెక్కించమని సీతాలుకి రెండో చెయ్యి చూపించింది.

"మల్లీ మొదట్నుంచి" అంది.

అందరం లేచి గుమ్మం బయటికి నడిచాం. కింద డా మ్యా గిన్నెల మీద మూతలు పడుతున్న చప్పుడు వినిపించింది.